మైకు మేస్త్రి తల ఊపుడు

మైకు మేస్త్రికి చెవుడొచ్చి రెండేళ్ళు. ఊరంతటికీ మైకులు బిగించిన మనిషికి చెవుడేమిటని జనం నవ్వుతారని ఆయన భయం. అందుకే ఎవరేమన్నా తల ఊపేసేవాడు. ఆ ఊపుడు పుణ్యమా అని, ఊరెళ్తూ ఎదురింటివాళ్ళు ఏదో అడిగితే సరేనని తల ఊపి, వాళ్ళ పిల్లిని నెల్లాళ్ళు సాకాడు. చివరికి మొన్ననే గుట్టుచప్పుడు కాకుండా చెవిమిషను కొనుక్కున్నాడు. ఇంట్లో కూడా చెప్పకుండా జుట్టుతో కప్పేశాడు.

ఆసుపత్రిలో నర్సుగా చేసే కూతురు ఇవాళ టౌన్ హాల్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం గురించి మొదటిసారి మాట్లాడబోతోంది. ఆమె మాట ఒక్కటి కూడా జారిపోకూడదని మేస్త్రి ముందు వరుసలో కూర్చున్నాడు. చెవిటివాళ్ళ కోసం ఆ హాలు నేలకింద చుట్టూ తీగ వేసింది ఆయనే. చెవిమిషనుకున్న మీట నొక్కితే మైకులో మాట తీగ ద్వారా నేరుగా చెవిలోకి వస్తుంది. అప్పట్లో చెవిమిషను పెట్టుకున్న ఒకరిద్దరు ముసలాళ్ళు, "స్టేజీ ఖాళీగా ఉన్నా మాటలు వినపడుతున్నాయయ్యా" అని మొత్తుకుంటే, చాదస్తమని కొట్టిపారేశాడు.

మీట నొక్కాడు. స్టేజీ ఖాళీగానే ఉంది, చెవిలో మాత్రం కూతురి గొంతు.

"నాకు భయమేస్తోందే."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. స్పీకర్లు ఆపినా తీగకు పోయే దారి ఆగడం లేదు. తెరవెనుక ఆమెకు తగిలించిన మైకు ఆయనొక్కడికే వినిపిస్తోంది. ఇన్నేళ్ళకు తన పనితనం తన చెవిలోనే పడింది.

"మీ నాన్నగారికి చెవుడు కదా, ఎందుకు పిలిచావు?" అంది పక్కనున్న స్నేహితురాలు.

"ఆయన తల ఊపుతాడే. ముక్క వినపడకపోయినా నా ప్రతి మాటకీ ఊపుతాడు. అది చూస్తే నాకు ధైర్యం."

అయితే ఈ రెండేళ్ళ దొంగాట అందరికీ తెలుసన్నమాట! మేస్త్రికి సిగ్గేసింది. ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఉపన్యాసం మొదలైంది. ఎంత బాగా చెబుతోంది పిల్ల! మేస్త్రి నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆమె ఆయనకేసి చూసింది, తడబడింది, మళ్ళీ చూసి ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. వినడంలో పడి తల ఊపడం మరిచిపోయాడు.

గబగబా ఊపాడు. ఆమె గొంతు కుదుటపడింది.

"పెద్దవాళ్ళు తమ జబ్బు దాచుకుంటారు. మా నాన్న లాంటి మొండివాళ్ళయితే మరీను," అంది, ఆయనకి వినపడదన్న ధీమాతో.

హాలంతా ఆయనవైపు తిరిగింది. ఊపితే పరువు పోతుంది, ఆపితే పిల్ల తడబడుతుంది. మేస్త్రి జుట్టు చెవి వెనక్కి తోసి, ఇదివరకెన్నడూ లేనంత గట్టిగా తల ఊపాడు.