నిజం రాసిన పిల్ల

బడిలో పిల్లల మనసులకు పరీక్ష పెడతామంటే ఎవరు కాదంటారు? ఏ పిల్ల లోలోపల కుమిలిపోతోందో ముందే తెలిస్తే ఆదుకోవచ్చు, మంచిదే కదా అనుకుంటాం. ఒక ఇంట్లో తల్లీ తండ్రీ కూడా అలాగే అనుకుని సంతోషంగా ఒప్పుకున్నారు.

తండ్రి సిటీ బస్సు డ్రైవరు. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. బతుకుతెరువు కోసం ఈ పరాయి దేశానికి వచ్చినప్పుడు చంకలో ఉన్న చిన్నదాన్ని వెంటతెచ్చుకుని, పెద్దదాన్ని నాయనమ్మ దగ్గర వదిలారు. నిరుడు ఆ ముసలమ్మ పోయాక పెద్దదాన్నీ తెచ్చుకున్నారు. పెద్దదానికి పదిహేను, చిన్నదానికి పదమూడు. లెక్కల్లో పెద్దది చిచ్చరపిడుగు. డాక్టరు కావాలని దాని ఆశ. వచ్చే ఏడు సైన్సు తరగతిలో సీటు ఖాయమని మాస్టారు మాట కూడా ఇచ్చారు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ రాసిన ఆ పరీక్ష అంతా అవును, కాదు రకం. పెద్దది ప్రతి వాక్యమూ శ్రద్ధగా చదివి ఉన్నది ఉన్నట్టు పెట్టింది.

'నా నిర్ణయాలు నేనే తీసుకుంటాను.' కాదు. పెద్దవాళ్ళను అడగకుండా ఏనాడు ఏం చేసింది గనక? 'నేను చాలా విషయాల్లో సమర్థురాలిని.' కాదు. సొంత డబ్బా కొట్టుకుంటే నాయనమ్మ మూతి మీద ఒక్కటిచ్చేది. 'కొత్తవాళ్ళు నన్ను గమనిస్తుంటారు.' అవును. గమనించరా మరి? కొత్త మొహం, కొత్త యాస. బస్టాపులో ప్రతివాడూ గుడ్లప్పగించి చూసేవాడే. 'పక్కన లేనివాళ్ళ మాటలు నాకు వినబడతాయి.' అవును. పుస్తకం ముందు కూర్చుంటే చాలు, "నడుం నిటారుగా పెట్టవే, గూనిదానా" అని నాయనమ్మ కసురుతూనే ఉంటుంది. ఆ కసురు వినబడితేనే ఆ పిల్లకు చదువు తలకెక్కేది.

కొన్నాళ్ళకు, బడిలో పిల్లల మనసుల బాగోగులు చూసే కౌన్సిలరు తల్లిదండ్రులకు కబురు పెట్టింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన చిక్కు! చెడ్డమనిషైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, మెత్తగా చెప్పింది.

"మీ చిన్నమ్మాయి చక్కగా ఉందండీ. పెద్దమ్మాయి సంగతే బెంగగా ఉంది. సొంతంగా ఆలోచించలేకపోతోంది. తనమీద తనకే నమ్మకం లేదు. ఎవరో చూస్తున్నారని అనుమానం. పైగా గొంతులు వినబడుతున్నాయంటోంది."

తండ్రి, పదిమంది ముందు సొంత పిల్లల్ని పొగడకూడదని పెరిగిన మనిషి, చేతులు కట్టుకుని నవ్వుతూ అన్నాడు.

"ఉత్త మొద్దండీ మా పెద్దది. దానికేమీ తెలీదు. మీరే నాలుగు తగిలించి దారిలో పెట్టాలి."

సొంతూళ్ళో ఏ మాస్టారైనా ఆ మాటకు నవ్వేసి, "అబ్బే, చురుకైన పిల్లేనండీ" అనేవాడు. నా బంగారాన్ని మీ చేతిలో పెడుతున్నాను జాగ్రత్త అని ఆ మాటకు అర్థం. ఈవిడ నవ్వలేదు. తండ్రి కూతుర్ని కించపరుస్తున్నాడు, కొట్టమంటున్నాడు అనుకుంది. పరీక్ష చెప్పింది అక్షరాలా నిజమేనని ఆవిడకు గట్టి నమ్మకం కుదిరింది.

పెద్దదాన్ని వెనక భవనంలోని ప్రత్యేక తరగతికి మార్చేశారు. మళ్ళీ పరీక్ష రాసి కుదుటపడిందని అనిపించుకుంటే తప్ప అక్కణ్ణుంచి సైన్సుకు దారి లేదు. తల్లి ఆగలేక మర్నాడు ఒక్కతే వెళ్ళి కౌన్సిలర్ని అడిగింది.

"ఈ పరీక్ష ఎవర్ని చూసి తయారుచేశారమ్మా?"

"ఇక్కడి పిల్లల్ని వేలమందిని చూసి చేశారండీ."

"మాలా వలస వచ్చినవాళ్ళ పిల్లలున్నారా వాళ్ళలో?"

"అది నాకు తెలీదండీ. నా చేతుల్లో లేదు."

ఇంట్లో చిన్నది అక్కను కడిగేసింది. "నిన్నెవరు నిజాలు రాయమన్నారక్కా? నా మాట మాత్రం ఇంట్లో ఎవరు వింటున్నారు? అయినా నా నిర్ణయాలు నావేనని పెట్టా. ఇక్కడివాళ్ళు ఎలా ఉంటారో అలా పెట్టాలి, అంతే."

"అబద్ధం కాదటే?"

"పాసయ్యానా లేదా?"

ఔరా, ఏం న్యాయం! అబద్ధమాడిన పిల్ల ఆరోగ్యంగా ఉందట, నిజం చెప్పిన పిల్లకు రోగమట.

పెద్దది అసలే చదువరి. ఈ చదువూ పట్టుదలగా చదివింది. అబద్ధం రాయడం చేతకాక, రాయబోయేదాన్ని నిజం చేసుకోవడం మొదలుపెట్టింది. అమ్మతో కబుర్లు తగ్గించింది. ఏదడిగినా "అది నా ఇష్టం" అనడం నేర్చింది. పుస్తకం తీసినప్పుడు నాయనమ్మ కసిరితే చెవుల్లో పాటలు పెట్టుకుంది. ఏడాది చివర మళ్ళీ పరీక్ష రాసింది.

"ఎంత మారిపోయిందండీ మీ అమ్మాయి!" అని కౌన్సిలరు ఫోను చేసింది. సైన్సులో సీటు వచ్చింది. తండ్రి పొంగిపోయి మొదటిసారి కూతుర్ని ఎదురుగా మెచ్చుకున్నాడు. "మొద్దేమిటి! మా తల్లి గట్టిది!"

ఆ పిల్ల నవ్వలేదు. "నాయనమ్మ మాటలు వినబడవని రాశాను నాన్నా."

"పోనీలే తల్లీ. సీటు కోసం ఉత్తినే రాశావు. ఆవిడేమీ అనుకోదు."

"ఉత్తినే కాదు. నిజంగానే వినబడట్లేదు. ఎంత రమ్మన్నా రావట్లేదు."

తల్లి గోడవైపు తిరిగి బావురుమంది.

పిల్లల మనసులు కొలిచే పెద్దలారా, మీ చదువుకో దండం. ఆ పిల్ల ఎవరి చేతుల్లో పెరిగిందో, ఏ మాట విని పెద్దదయిందో ముందు అడగండి. అది అడగకుండా కొలిచి, లేని జబ్బును నయం చేసి, ఆ పిల్లకున్న ఒక్క తోడునూ చంపకండి.