మేనేజరమ్మకు సంబంధం కుదిరింది

మా అక్క మంచం పట్టింది గానీ ఆమె నోరు పట్టలేదు. ఊపిరి అందక మాటమాటకీ ఆగుతూనే డాక్టరుతో వాదన పెట్టుకుంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి, పిల్లులున్న ఇంట్లో ఉంటే ఏ మందూ పనిచేయదు, వాటిని పంపించేసి వెంటనే వైద్యం మొదలుపెట్టాలి అన్నాడాయన.

"ముందు వాటికి ఇళ్ళు చూస్తాను. ఆ తర్వాతే మీ మందులు" అంది అక్క.

ఆయన నా వైపు చూశాడు. నేనేం చెయ్యను? చెల్లెలి మాట ఆమె ఎప్పుడు విన్నది గనక!

మొత్తం నాలుగు పిల్లులు. కాలవలో కొట్టుకుపోతుంటే ఒకటి, మూసేసిన గోదాములో అట్టపెట్టెలో దొరికిన జంట, ఏదో బండి కింద పడి కన్ను పోగొట్టుకున్నది ఇంకొకటి. అన్నిటినీ అక్కే తెచ్చి బతికించింది. ఆ ఒంటికన్నుదాన్ని మేమంతా మేనేజరమ్మ అనేవాళ్ళం. పొద్దున్నే లేచి గదులన్నీ తనిఖీ చేసేది. ఎవరు తాకబోయినా గుర్రుమనేది. రాత్రయితే మాత్రం అక్క పక్కలోకి దూరేది.

నాది దర్జీ పని. నల్లబట్ట మీద ఒక్క వెంట్రుక కనిపించినా బట్ట ఇచ్చినవాళ్ళు కయ్యానికొస్తారు. అందుకే అక్క ఇంటికి వెళ్ళినప్పుడల్లా "నువ్వూ నీ పిల్లులూ" అని విసుక్కునేదాన్ని. అలాంటి నేను ఆ పిల్లుల కోసం కాలు కాలిన పిల్లిలా వీధులన్నీ తిరిగాను. నవ్వకండి. అక్క పెదవులు నీలంగా మారుతుంటే చూస్తూ ఊరుకోలేను కదా!

తీరా నేను మనుషుల్ని పట్టుకొస్తే, ఆమె దిండ్లకు చేరగిలబడి ఆరాలు మొదలుపెట్టేది. "ఊరెళితే దీన్ని ఎవరికి అప్పజెప్తారు? కొత్త సోఫా గీకేస్తే ఏం చేస్తారు?" సోఫా మాట వినగానే ఒక జంట ముఖాలు చూసుకున్నారు. అంతే, వాళ్ళని పంపించేసింది.

"నీ కూతురికి సంబంధం చూసినప్పుడు కూడా ఇంత చెయ్యలేదే!" అన్నాను.

"అల్లుడు నచ్చకపోతే అది ఫోన్ చేసి చెప్తుంది. ఇవి చెప్తాయా?" అంది.

చివరికి జంటని బడి పంతులమ్మ తీసుకుంటానంది. కాలవలో దొరికినదాన్ని మందుల షాపాయన అడిగాడు. మేనేజరమ్మని చూసి మాత్రం అందరూ "అబ్బే" అన్నవాళ్ళే. ఆ సమయంలో తలుపు గడియ బాగుచెయ్యడానికి తాళాలాయన వచ్చాడు. నా కొట్టుకి ఎదురుగానే అతని కొట్టు. పని ముగించి చూస్తే మేనేజరమ్మ అతని పనిముట్ల సంచిలో కూర్చుని ఉంది. దించబోతే గుర్రుమంది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అక్క అడిగింది.

"తాళాలండీ" అన్నాడు.

"పిల్లులంటే ఇష్టమేనా?"

"ఎప్పుడూ ఆలోచించలేదండీ. ఇది మాత్రం... ఉంటే ఉండనివ్వండి."

ఎందుకో ఆ జవాబు అక్కకి నచ్చింది. ప్రతి పిల్లితోనూ తన పాత చీరతో కుట్టిన చిన్న పరుపు పంపాలంది. కొత్తచోట బెంగపడకుండా ఉంటాయట. సరే, ఒక్కరోజులో కుట్టి, పిల్లుల్ని వాటి వాటి ఇళ్ళకు చేర్చి, హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నా కొంప మునిగింది. పంతులమ్మ దగ్గరి జంట బీరువా వెనక నుంచి రావడం లేదు. మందుల షాపుది తిండి ముట్టలేదు. తాళాలాయన స్వయంగా అక్క ఇంటికే వచ్చాడు. "మంచం కింద దూరి రాత్రంతా ఏడ్చిందండీ. దీని మీద కూడా పడుకోలేదు" అంటూ పరుపు అక్క చేతిలో పెట్టాడు.

అక్క ముఖం పాలిపోయింది. "అన్నిటినీ తీసుకొచ్చెయ్యవే. నాకు మందులూ వద్దు, ఏమీ వద్దు" అంది.

"చచ్చిపోతావే!" అని అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది.

అక్క నావైపు చూడలేదు. పరుపు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది. "ఏమే, ఉతికావా?"

"ఉతక్కుండా ఎవరైనా కుడతారా? సబ్బు పెట్టి ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ కూడా చేశాను!"

"నీ శుభ్రం తగలెయ్య! వాటికి కావలసింది నా చీర కాదే, నా వాసన!" అంది. నవ్వబోయి దగ్గింది. దగ్గుతూనే నవ్వింది. తాళాలాయనకి నవ్వాలో వద్దో తెలియక తలుపు గడియ వైపు చూస్తూ నిలబడ్డాడు.

అక్క కప్పుకున్న దుప్పటి లాగేసి అక్కడికక్కడే నాలుగు ముక్కలు చేశాను. అంచులు కూడా మడవలేదు. నా చేతులతో అలాంటి పని చేస్తానని కలలో కూడా అనుకోలేదు. ఆ ముక్కలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. సాయంత్రానికల్లా జంట బయటికొచ్చింది. షాపుది పాలు తాగింది. మేనేజరమ్మ ఆ దుప్పటి ముక్క మీద చుట్టచుట్టుకుని నిద్రపోయిందట. ఆ కబురు విన్నాక గానీ అక్క వైద్యానికి ఒప్పుకోలేదు.

మందులు పనిచేశాయి. నిదానంగానే అనుకోండి. చలి తగ్గేనాటికి అక్క వీధి చివరిదాకా నడవగలిగింది. డాక్టరు సరేనన్న రోజే మాస్కు కట్టుకుని, "బయట నుంచే మేనేజరమ్మని చూసొద్దాం పద" అంది.

దారిలో మాత్రం అడుగులు తడబడ్డాయి. "నన్ను చూసి వెంటపడితే ఏం చెయ్యనే? మళ్ళీ వదిలి రావడం నా వల్ల కాదు" అంది. నాకూ అదే భయం.

తాళాల కొట్టు గుమ్మంలో, బల్ల మీద ఎండలో పడుకుని ఉంది మేనేజరమ్మ. ఒంటికన్ను తెరిచి అక్కని చూసింది. అక్క కదల్లేదు. పిల్లి ఆవులించింది. లేచి ఒళ్ళు విరుచుకుని, బల్ల దిగి, లోపలికి వెళ్ళి తాళాలాయన ఒళ్ళో సర్దుకుని పడుకుంది.

"నిద్రమత్తులో ఉందండీ..." అని అతను నసిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "విశ్వాసం లేని పీనుగ! ఇన్నాళ్ళూ పక్కలో పడుకోబెట్టుకుని పెంచితే, ముఖం కూడా చూడదా?" అన్నాను. తిరిగి చూస్తే అక్క కళ్ళ నిండా నీళ్ళు. నా మనసు చివుక్కుమంది. "ఊరుకో అక్కా, పోదాం పద."

"పిచ్చిమొహమా, బాధపడుతున్నాననుకున్నావా?" అంది అక్క. "రోజూ గుమ్మం వైపు చూస్తూ నా కోసం కూర్చుంటుందేమోనని ఇన్ని నెలలూ ఒకటే బెంగ. చూడు, ఎంత హాయిగా ఉందో! నన్ను మర్చిపోయిందే!"

ఆ రోజు నుంచీ అక్కకి కంటి నిండా నిద్ర పడుతోంది. నాకు మాత్రం ఆ పిల్లి మీద కోపం ఇంకా పోలేదు.