ఎందుకో రాయని లైను

కూర్చోండమ్మా, ముందుకు జరగండి. దుర్గమ్మ మనందర్నీ చల్లగా చూడాలి. కిరీటి సంగతి చెప్తాను.

ఊళ్ళో వాననీళ్ళు తోడే పంపులకి చిన్న చిన్న కంప్యూటర్లుంటాయి. వాటి లోపల అన్నిటికీ ఆధారమైన ప్రోగ్రామునే కెర్నెల్ అంటారు. గన్నవరం ఆఫీసులో కూర్చుని దాన్లో తప్పులు దిద్దడం కిరీటి పని. దిద్దిన ప్రతిసారీ ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో నాలుగు ముక్కలు రాసి మరీ పంపాలి. ఆ శుక్రవారం భోజనం చేసి, క్యారేజీ కడుక్కొచ్చి, ఒక్క లైను కలిపాడు. "గడియారం సరిచేశాను" అని రాశాడు.

పక్క సీటు ఉషశ్రీ గారు తొంగిచూశారు. "ఎందుకో రాయలేదేం కిరీటీ?"

"కోడ్ చూస్తే తెలుస్తుంది కదండీ."

"నీకు తెలుస్తుంది. రేపొచ్చినవాడు దండగ లైనని పీకేస్తే? నీకు ముందు ఈ సీట్లో పనిచేసిన సురేష్ కూడా ఇలాగే అన్నాడు. వాళ్ళమ్మగారు ఇవాళ్టికీ హారతి పళ్ళెం పట్టుకుని, ఇదెందుకు వెలిగించానురా అని అడుగుతూనే ఉన్నారు."

ఆ ఆఫీసులో అంతే. రాయకుండా వదిలేసిన కారణం ఊరుకోదు. రాయనివాడి ఇంటికెళ్ళి ఇంకో కారణాన్ని వెంటబెట్టుకుపోతుంది. ఎండకి చెమట పట్టడం ఎంత మామూలో, వాళ్ళకదీ అంతే.

"సినిమాకి టికెట్లు తీశానండీ, అక్షయ ఎదురుచూస్తుంటుంది" అని పంపేసి బండి తీశాడు.

దారిలో ఏలూరు కాలవ నీళ్ళు ఎటు పోవాలో మరిచినట్టు నిలబడి ఉన్నాయి. అది చూసి బండి వేగం పెంచాడు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భార్య అక్షయ సూట్‌కేసు పట్టుకుని ఎడమ పక్కకొచ్చి ఏదో అంది. వినపడలేదు. అతనికి ఆ చెవి పుట్టుకతోనే పనిచేయదు. పెళ్ళయ్యాక ఆమె ఒక్కనాడూ అటు నిలబడి మాట్లాడలేదు.

తల తిప్పాడు. "ఏమన్నావ్?"

"కోపమేం లేదండీ. మిమ్మల్నెందుకు చేసుకున్నానో మధ్యాహ్నందాకా గుర్తుంది, ఇప్పుడు లేదు. చల్లపల్లి, అమ్మావాళ్ళింటికి పోతున్నా."

"కాసేపు ఆగు."

"ఆగుతా. ఎందుకో చెప్పండి."

కిరీటి లాప్‌టాప్ తెరిచి, మధ్యాహ్నం పంపిన లైను కింద ఎందుకో రాశాడు: 'కరెంటు పోయి వస్తే గడియారం వెనక్కి జరుగుతోంది. ఇంకా టైము కాలేదనుకుని పంపు ఆగిపోతోంది. నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయి. అందుకే ఈ లైను, తీయకండి.'

అక్షయ కదల్లేదు. సూట్‌కేసు చేతిలోనే ఉంది.

ఇంకొకటి మిగిలిందని అతనికి తెలుసు. రాస్తే పని సగమే అయిందంటారని దాచాడు. ఇష్టదైవాన్ని తలుచుకుని రాశాడు: 'పాత పంపుల్లో ఇది పనిచేస్తుందో లేదో నేను చూడలేదు.'

సూట్‌కేసు నేలకానిన చప్పుడైంది. అక్షయ కుర్చీ చుట్టూ తిరిగి కుడి పక్కకొచ్చింది.

"పెళ్ళిచూపుల్లో ఎవరూ అడక్కుండానే, నాకో చెవి వినపడదని చెప్పారు. అందుకని చేసుకున్నా" అంది, వినపడే చెవి దగ్గర.

అప్పుడే వాన అందుకుంది. కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది.

"ఏవండీ," అంది అక్షయ మెల్లగా, "ఆ పాత పంపులు ఎక్కడున్నాయి?"