పాలపిట్ట అకౌంటు

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, నందిగామ రైతుపేటలో ఆ వీధి ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు సంచులు పట్టుకుని నాగశ్రీ వాళ్ళ డాబా మెట్లెక్కుతారు. నాగశ్రీ అప్పటికింకా కింద గదిలో లాప్‌టాప్ ముందే ఉంటుంది. ఆమెది ‘పది దీవులు’ అనే ఆన్‌లైన్ ఆటలో అకౌంట్లు చూసే ఉద్యోగం. కంపెనీ హైదరాబాదులో, పని ఇంట్లో. పాస్‌వర్డు మర్చిపోయినవాళ్ళకి కొత్తది ఇప్పించడం, దొంగాట ఆడినవాళ్ళ అకౌంటు మూసెయ్యడం, మూసినందుకు వాళ్ళు పెట్టే శాపనార్థాలు ఓపిగ్గా చదవడం, ఇంకా టెస్ట్ సర్వర్లోకి ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో చూడటం. టెస్ట్ సర్వరంటే ఆటకి చిత్తు పుస్తకం లాంటిది. కొత్త దీవులూ కొత్త పడవలూ ముందు అక్కడ పెట్టి, కొందరు ఆటగాళ్ళని పిలిచి ఆడించి, తప్పులు దిద్దుకున్నాకే అసలు సర్వర్లో పెడతారు. వారం తిరిగేసరికి ఆ చిత్తంతా చెరిపెయ్యాలి. ఆ చెరిపే బటన్ నొక్కేది నాగశ్రీ.

నొక్కగానే డాబా మీద ఎండ మందగిస్తుంది, మబ్బు అడ్డం వచ్చినట్టు. మళ్ళీ ఎండ కాసేసరికి ఆ వారం టెస్ట్ సర్వర్లో ఉన్న సామానంతా డాబా మీద ఉంటుంది. లాంతర్లు, మోకులు, డాళ్ళు, ఎవరికీ పేరు తెలియని గింజల బస్తాలు. ఒకసారి రెండు మేకలు కూడా దిగాయి, వాటి పాలు బాగానే చిక్కగా ఉన్నాయి. పక్కింటి రత్నమణి టీచరు రిటైరయ్యాక పెట్టుకున్న వడియాల వ్యాపారమంతా ఆ డాళ్ళ మీద ఎండబెట్టుకునే నడుస్తోంది. మిగిలిన తుక్కు శనివారం పాత ఇనప సామాన్లవాడు వచ్చి పట్టుకుపోతాడు. మరీ పెద్దది మాత్రం ఒక్క ముక్కగా దిగదు. నిరుడు ఎవరో టెస్టర్లు పంతానికి పోయి కోట కడితే అది రాళ్ళై దిగింది. రైతుపేటలో సగం ఇళ్ళ ముందు మెట్లు ఆ రాళ్ళవే.

ఇంత సందడి మధ్య కూడా నాగశ్రీకి ఈమధ్య కుదురు లేకుండా పోయింది. ఒక మెయిలు సగం కొట్టి లేస్తుంది. వంటగదిలోకెళ్ళి ఎందుకెళ్ళిందో మర్చిపోయి తిరిగొస్తుంది. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని వాళ్ళమ్మ భారతీదేవి విసుక్కుంటుంది గానీ, కారణం ఆవిడకీ తెలుసు. కారణం పక్కగదిలోనే ఉంది. చెల్లెలు అక్షయ జగ్గయ్యపేట కాపురం వదిలేసి, ఒక్క సూట్‌కేసుతో వచ్చి కూర్చుంది.

అక్షయ, కల్యాణ్ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నది పెళ్ళిచూపుల్లో కాదు, పది దీవుల్లో. అక్కడ కల్యాణ్ వందమంది ఓడవాళ్ళని కేకలేసి నడిపించే నాయకుడు. ఆ కేకలు విని మనసు పారేసుకుంది పిచ్చిపిల్ల. వేదాద్రిలో పెళ్ళయిన సాయంత్రమే ఇద్దరూ పాత అకౌంట్లు వదిలేసి, ఇద్దరికీ కలిపి ‘పాలపిట్ట’ అని కొత్తది తెరిచారు. ఒక మనిషికి ఒక అకౌంటన్నది ఆట రూలు. ఇద్దరు కలిసి ఒకటి వాడటం తప్పే, కానీ అక్క ఆ కంపెనీలోనే ఉంది కదా అని ధీమా. పగలు ఆమె, సాయంత్రం షాపు కట్టేశాక అతను, పాలపిట్టని ముద్దుగా పెంచారు.

తీరా కాపురానికెళ్ళి చూస్తే, ఆ ఓడల నాయకుడు వాళ్ళమ్మ రాజ్యశ్రీ ముందు నోరు తెరవని మనిషి. పెళ్ళికి ముందే మాట ఇచ్చాడు, వేరే ఇల్లు పెట్టుకుందామని. టైల్సు షాపు వెనక ఖాళీ స్థలం కూడా ఉంది. “అమ్మతో చెబుతా” అన్నాడు. పండగ వెళ్ళనీ అన్నాడు, ఆషాఢం వెళ్ళనీ అన్నాడు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గనీ అన్నాడు. అత్తగారు చెడ్డదేం కాదు, కానీ ఆ ఇంట్లో అల్మరా తలుపు కూడా ఆవిడని అడిగే తెరవాలి. రెండేళ్ళు చూసి అక్షయ సూట్‌కేసు సర్దుకుంది.

పెద్దమనుషుల్లో కూర్చున్నారు. ఎరువుల షాపు వరప్రసాదరావు గారంటే ఆ చుట్టుపక్కల తగవులు తీర్చడంలో పేరున్న మనిషి. ఫ్రిజ్జు ఇటు, స్కూటరు అటు, పరుపులు ఇటు, వాషింగ్ మెషిను అటు అని ఒక్క పూటలో తేల్చేశాడు.

“ఇంకేమన్నా మిగిలినయ్యా?” అనడిగాడు చివరికి.

“అకౌంటండి,” అన్నారు మొగుడూపెళ్ళాలు ఒకేసారి.

“ఏ బ్యాంకులో?”

“బ్యాంకు కాదండి, గేములో,” అంది అక్షయ.

ఆయన అటొకసారి ఇటొకసారి చూశాడు. “అది అమ్మాయికిచ్చేస్తే పోలా?”

“ఇవ్వనండి,” అన్నాడు కల్యాణ్. అంతసేపట్లో అతను కాదన్నది అదొక్కటే.

“నేనూ వదల్ను,” అంది అక్షయ.

వరప్రసాదరావు తువ్వాలుతో మెడ తుడుచుకుని నాగశ్రీ వైపు తిరిగాడు. “అమ్మాయ్, నువ్వా కంపెనీలోనేగా. ఇది నువ్వు తేల్చు. నువ్వు తేల్చాకే కాయితం మీద సంతకాలు.”

అదీ సంగతి. ఇద్దరిలో ఒకరి పేరు చెప్పేస్తే చెల్లెలి కాపురం ఆ పూటతో సరి. నాగశ్రీకి కల్యాణ్ మీద కోపం ఉంది, కానీ చెల్లెలు రోజూ సాయంత్రం జగ్గయ్యపేట బస్సులొచ్చే వేళకి వీధి గుమ్మంలో ఏదో పని కల్పించుకోవడం కూడా చూస్తోంది. అందుకని ఆఫీసు తెలివి వాడింది. పాలపిట్ట అకౌంటుకి తాళం వేసి, “ఎవరు ఎంత బాగా వాడతారో చూడాలి, అది మా పద్ధతి” అని అబద్ధం చెప్పి, దాని నకలు టెస్ట్ సర్వర్లో ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. ఒకే మొహం, ఒకే నీలం అంగీ, ఒకే పేరు. అక్కడ ఇప్పుడు రెండు పాలపిట్టలు తిరుగుతున్నాయి. ఏం చేస్తున్నారో తెరిచి చూసే అధికారం నాగశ్రీకి ఉన్నా, సొంత చెల్లెలు కదా అని చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు, శుక్రవారం వస్తే డాబా ఎటూ చెబుతుంది.

మొదటి శుక్రవారం కాలిన గడ్డి, పగిలిన కుండలు, పిడి విరిగిన గొడ్డలి దిగాయి.

“ఏంటే నాగశ్రీ, ఈ వారం అన్నీ తగలబడినయ్యే?” అంది రత్నమణి టీచరు ఖాళీ సంచి దులుపుకుంటూ.

“కొత్త టెస్టర్లండి,” అంది నాగశ్రీ.

తర్వాతి వారం డాబా నిండా ముళ్ళకంచె. ఎవరి హద్దు వాళ్ళు కట్టుకున్నారన్నమాట. వీధిలో మేకలున్నవాళ్ళు పండగ చేసుకున్నారు. ఆ పై శుక్రవారం మాత్రం ఒకదానికొకటి ఆనించినట్టు రెండు గేలాలు, ఒక చేపల బుట్ట దిగాయి. నాగశ్రీ ఆ గేలాలు ఎవరికీ ఇవ్వకుండా తీసుకెళ్ళి మంచం కింద దాచింది. అటుపై వారం తాపీ, కొలతాడు, సున్నం అంటిన రెండు జతల చేతితొడుగులు వచ్చాయి. అక్షయ పైకొచ్చి వాటిని చూసి, చూడనట్టే బట్టలు ఆరేసుకుని దిగిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో కూనిరాగం వినిపించింది. నాగశ్రీకి సంతోషం వేసింది, వెంటనే భయమూ వేసింది.

ఆ భయం వృథా పోలేదు. మంగళవారం హైదరాబాదు నుంచి మేనేజరు సతీష్‌బాబు ఫోన్ చేశాడు.

“ఆ పాలపిట్ట కేసు ఇంకా తేల్చలేదేంటండి? ఈ శుక్రవారం నుంచి టెస్ట్ సర్వర్లో బయటివాళ్ళకి ప్రవేశం లేదు. అందరి పాసులూ తీసేసి, మొత్తం చెరిపెయ్యండి.”

“ఒక్క వారం ఆగుదాం సార్.”

“ఆగేది లేదండి.”

ఇది చాలదన్నట్టు వరప్రసాదరావు కూడా కబురు పెట్టాడు, శుక్రవారం మధ్యాహ్నం అబ్బాయిని వెంటబెట్టుకుని వస్తా, సంతకాలు పెట్టించేద్దామని.

శుక్రవారం పొద్దున్నే కల్యాణ్ నుంచి ఫోను. “వదినా, ఆ టెస్ట్ సర్వరు ఈసారికి చెరపకపోతే ఏమన్నా అవుద్దా?”

“నీకెందుకయ్యా?”

“ఊరికే అడిగా.”

ఫోను పెట్టేసి తిరిగేసరికి తలుపు దగ్గర అక్షయ. “అక్కా, ఈ వారం ఆ బటన్ నొక్కకుండా ఉండలేవా?”

“ఎందుకే?”

“ఊరికే.”

“అక్కడేం కడుతున్నారే మీరు?”

అక్షయ మొహం ఎర్రబడింది. “మీరేంటి మీరు? నేనొక్కదాన్నే,” అని వెళ్ళిపోయింది.

నాగశ్రీ గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగింది. ఆపాలంటే ఆపగలదు. ఏదో తప్పు దొర్లిందని రాస్తే ఒకటి రెండు వారాలు గడుస్తాయి, ఉద్యోగం కూడా పోకపోవచ్చు. కానీ ఆపితే? వీళ్ళిద్దరూ సాయంత్రమయ్యేసరికి అక్కడ కాపురం చేసుకుంటారు, తెల్లారితే ఇక్కడ ఒకరు నందిగామలో ఒకరు జగ్గయ్యపేటలో. పాలపిట్టలు సుఖంగా ఉంటాయి, చెల్లెలు సూట్‌కేసు పక్కనే ముసలిదవుతుంది. అలాగని నొక్కితే, వాళ్ళు కష్టపడి కట్టుకున్నదాన్ని తన చేత్తో కూల్చినట్టే. చెల్లెలు జన్మలో మొహం చూడదు. ఎంత ఆలోచించినా ఏదీ తెగలేదు.

మధ్యాహ్నం వరప్రసాదరావు, కల్యాణ్ వచ్చి హాల్లో కూర్చున్నారు. అక్షయ మంచినీళ్ళు తెచ్చి పెద్దాయనకిచ్చింది, కల్యాణ్‌కి ఇవ్వలేదు. కల్యాణ్ కళ్ళు నాగశ్రీ గది వైపే ఉన్నాయి. ఆ చూపు చూశాక నాగశ్రీకి ఎక్కడలేని కోపం వచ్చింది. పెళ్ళాం ఎదురుగా నిలబడి ఉంటే లాప్‌టాప్ వైపు చూస్తాడేంటి ఈ మనిషి? గదిలోకెళ్ళి, ఇద్దరి పాసులూ తీసేసి, బటన్ నొక్కింది.

కిటికీలో ఎండ మందగించింది. ఈసారి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

“భారతీదేవిగారూ! ఓ భారతీదేవిగారూ!” పైనుంచి రత్నమణి టీచరు అరిచింది. “స్లాబు ఆగుద్దంటారా?”

అందరూ పైకి పరిగెత్తారు. డాబా మీద కాలు పెట్టే చోటు లేదు. ఇటుకలు, పెంకులు, వాసాలు, దూలాలు, రెండు తలుపులు, కిటికీలు, పొయ్యిగట్టు రాయి, పిట్టగోడ అంచుదాకా కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. అక్షయ గట్టిగా ఏడ్చింది. కల్యాణ్ మోకాళ్ళ మీద కూలబడి ఒక పెంకు తీసి, దాని మీద దుమ్ము తుడిచాడు. నాగశ్రీ మెట్ల దగ్గరే నిలబడిపోయింది. ఎంత పని చేశాను అనుకుంది.

వరప్రసాదరావు మాత్రం కండువా నడుముకి బిగించాడు. పంచాల్సిన సామాను కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు. స్టీలు సామాన్లు పంచేటప్పుడు ఆయన పద్ధతి ఒకటే: గిన్నె తిరగేస్తాడు, దాని మీద చెక్కిన పేరు చూస్తాడు, ఆ పేరుగలవాళ్ళ వైపు పెడతాడు. పది దీవుల్లోనూ ఎవరు చేసిన వస్తువు మీద వాళ్ళ అకౌంటు పేరు అచ్చు పడుతుంది. ఆయన ఒక ఇటుక తీశాడు. పాలపిట్ట. ఇంకోటి తీశాడు. పాలపిట్ట. కుప్ప అడుగున చెయ్యి పెట్టి లాగాడు. అదీ పాలపిట్టే. పెంకులు, తలుపులు, గడియలు, అన్నిటి మీదా అదే పేరు.

“ఎవరమ్మా ఈ పాలపిట్ట?”

“ఇద్దరమండి,” అంది అక్షయ ముక్కు తుడుచుకుంటూ.

“పోనీ ఎవరు కట్టింది వాళ్ళు చెప్పండి. పంచుదాం.”

“తూర్పు గోడ నాదండి,” అన్నాడు కల్యాణ్.

“నీదా? నువ్వు వంకరగా కడితే పడగొట్టి మళ్ళీ కట్టింది ఎవరు?” అంది అక్షయ. ఇల్లు వదిలి వచ్చాక అతనితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది.

“వంకరేం కాదు, నేల అక్కడ పల్లం.”

“పల్లమైతే ముందు చూసుకోవాలి. వంటింటి కిటికీ కూడా అంతే పెట్టావు, పొగంతా లోపలికే.”

“ఆ కిటికీ చోటు చూపించింది నువ్వే!”

వరప్రసాదరావు ఒక ఇటుక కుడివైపు పెట్టాడు, ఎడమవైపు పెట్టాడు, మళ్ళీ తీసి మధ్యలో పెట్టాడు. చివరికి పడి ఉన్న తలుపు మీద చతికిలబడ్డాడు. “ఇది పంచడం నావల్ల కాదు తల్లీ. ఒకే పేరున్న సామాను నేనింతవరకు పంచలా,” అన్నాడు. “ముందు ఇది చెప్పండి. ఇదంతా ఎక్కడ పెడతారు?”

“సాయంత్రం లోపల తియ్యకపోతే మా గోడ మీద పడుద్ది,” అంది రత్నమణి టీచరు.

ఎక్కడ పెట్టాలో అక్కడున్న అందరికీ తెలుసు. టైల్సు షాపు వెనక ఖాళీ స్థలం ఇంకా ఖాళీగానే ఉంది. అందరూ కల్యాణ్ వైపు చూశారు. అతని మొహానికి చెమటలు పట్టాయి. జేబులోంచి ఫోన్ తీసి వాళ్ళమ్మకి కలిపాడు, కంగారులో స్పీకరు బటన్ మీద వేలు పడింది. ఆపడం చేతకాక అలాగే ఉంచేశాడు.

“ఏరా, సంతకాలయినయ్యా?” అంది రాజ్యశ్రీ గొంతు.

“లేదమ్మా. ట్రాలీ ఆటో పంపిస్తున్నా. షాపు వెనక గేటు తాళం తియ్యి.”

“ఎందుకురా?”

కల్యాణ్ అక్షయ వైపు ఒకసారి చూశాడు.

“ఇల్లు కట్టుకుంటున్నామమ్మా. నేనూ అక్షయా. వేరే ఉంటాం.”

“ఎవరు నేర్పార్రా నీకీ మాట?”

“ఎవరూ నేర్పలేదమ్మా. నాకే కావాలి.”

ఫోను కట్టయింది. కల్యాణ్ ఆ ఫోను అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, కళ్ళు ఎర్రబడ్డాయి. అక్షయ ఓదార్చలేదు. వంగి, చెంగు బిగించి, చేతినిండా ఇటుకలు తీసుకుంది. అతని పక్కకొచ్చి, “పట్టుకో,” అంది.

అతను పట్టుకున్నాడు.

కింద నాగశ్రీ ఫోను మోగుతోంది. సతీష్‌బాబే అయ్యుంటాడు, అకౌంటు ఎవరికని అడగడానికి. ఆమె దిగబోతుంటే వెనకనుంచి చెల్లెలు పిలిచింది.

“అక్కా, అది మూసెయ్. మాకింక తీరిక ఉండదు.”