ఎర్రగుడ్డకు అవతలి సగం

నేను ఒక వెదురు సూదిని. సూది అనగానే చొక్కాకు బొత్తాం కుట్టేదో, ఆసుపత్రిలో పిల్లల్ని ఏడిపించేదో అనుకునేరు. నేను వల అల్లే సూదిని. జానెడు పొడవుంటాను. మధ్యలో నాలుకలాంటి పుల్ల, వెనక చిన్న చీలిక. ఆ నాలుకకు నైలాన్ దారం చుట్టి, నన్ను వల కన్నుల్లోంచి దూర్చి ముడులు వేస్తారు. నాలుక ఉందన్న మాటే గాని దానికి మాట రాదు. వచ్చి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

నన్ను చెక్కినవాడు కొర్లయ్య. ఉత్తరాంధ్ర ఒడ్డున ఇసుక దిబ్బల వెనక ఒక జాలరిపేట అతడిది. తుఫానుకు విరిగిన తెరచాప వెదురులోంచి ఒక కణుపు కోసి, దాన్ని నిలువునా చీల్చి రెండు సూదులు చేశాడు. గాజుపెంకుతో గీకి, కొబ్బరినూనె రాసి, ఒకటి తను ఉంచుకుని రెండోది తమ్ముడు ఎల్లాజీకి ఇచ్చాడు. ఆ రెండోది నా జత. ఒకే కణుపులో ఎదురెదురుగా పెరిగినవాళ్లం, మా మధ్య ఇంత గాలి తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

కొర్లయ్యకు పెళ్లి లేదు. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి సాకడంలో పడి తన పెళ్లి వాయిదా వేశాడు. ఆ తరవాత దాన్ని గుర్తుచేసేవాళ్లే లేకపోయారు. ఎల్లాజీకి మాత్రం దగ్గరుండి గురివమ్మతో పెళ్లి చేశాడు. అన్నదమ్ములకు ఒక తెప్ప, కవళ్లనే చిన్న చేపలు పట్టే ఒక వల. ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపుతుంది. ఆ రెండు నెలలూ ఊరంతా ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటుంది. చేపకు సెలవు దొరికిందంటే సూదికి పని పడ్డట్టే.

మా వలను నీటి మీద తేల్చే బెండ్లలో సరిగ్గా నడిమిదానికి ఒక ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉంటుంది. ఒక కొసన కొర్లయ్య, రెండో కొసన ఎల్లాజీ కూర్చునేవారు. కాలి బొటనవేలికి వల తగిలించి, చిరిగిన కన్నులన్నీ కట్టుకుంటూ ఎర్రగుడ్డ దాకా వచ్చేవారు. అక్కడ నా దారం కొసా, నా జత దారం కొసా కలిపి ఒకే ముడి వేయాలి. ఒకరు బిగించి పట్టుకుంటే ఇంకొకరు వేయాలి. దాన్ని నడిముడి అంటారు. ఏడాదికి ఒక్కసారి మేమిద్దరం ఒకరినొకరు తాకేది అప్పుడే. ఆ ఒక్క క్షణం కోసం నేను ఏడాదంతా చూరులో దుమ్ము తింటూ ఓపిక పట్టేదాన్ని.

పోయిన వేసవిలో ఆ ముడి పడలేదు. పేటలోని మగాళ్లంతా చూస్తుండగా కొర్లయ్య ఎర్రగుడ్డ దాటి తమ్ముడి వైపు వెళ్లాడు. కన్నులు వదులుగా ఉన్నాయని ఎల్లాజీ కట్టిన వరసంతా బారెడు పొడుగున తెగ్గోసి పారేశాడు.

"ఇదేటి వలేట్రా? ఇందులోంచి సేప కాదు, గేదె ఎల్లిపోద్ది."

ఒడ్డంతా గొల్లుమంది. ఎల్లాజీ అప్పటికి ఇద్దరు పిల్లల తండ్రి. మొహం కందగడ్డ అయిపోయింది. "అంత బాగా కట్టేవోడివైతే రెండు కొసలూ నువ్వే కట్టుకో" అని లేచిపోయాడు. మర్నాటినుంచి బామ్మర్దుల ఫైబరు పడవెక్కాడు. కొర్లయ్య ఊరుకుంటాడా? "కట్టుకుంటాను. వొచ్చే యేడు యేటకి ఒక్కణ్ణే ఎల్తాను. సేతకాకపోతే తెప్ప ఇప్పీసి పొయ్యిలో ఎట్టీస్తాను" అని నలుగురిలో గంగమ్మ మీద ఒట్టేశాడు. మనుషులు కోపంలో వేసుకునే ముడులు ఎంత గట్టివో చూశారా! నేను వేసిన ముడి కత్తితోనైనా తెగుతుంది.

ఆ ఏడాది వేట చెయ్యకుండా ఎండుచేపల గంపలు మోసి గడిపాడు. సముద్రం ఎదుటే ఉన్నా దానివైపు తిరిగి కూర్చునేవాడు కాదు. రాత్రి గంజి తాగేటప్పుడు అలవాటుగా రెండు సత్తు గిన్నెలు కడిగి, ఒకటి మళ్లీ బోర్లించేవాడు. గురివమ్మ పిల్లలతో చేపల పులుసు పంపితే, "బావగారు ఇంట్లో లేరని చెప్పు" అని లోపలినుంచి తనే అరిచేవాడు.

మళ్లీ వేసవి వచ్చింది. కొర్లయ్య నన్ను చూరులోంచి తీసి, నూనె రాసి, దారం చుట్టాడు. ఒంటరిగా తన కొసన కూర్చున్నాడు. నిదానమైన చేతులు అతడివి, ముడి వేస్తే రాయిలా ఉంటుంది. మాట్లాడేవాడు లేక నాతోనే గొణుగుతూ, కన్ను తరవాత కన్ను కట్టుకుంటూ రోజుల తరబడి జరిగాడు. ఎర్రగుడ్డ వచ్చింది. చేతులు ఆగాయి. దారం కొరికి, నన్ను మొలతాడులో దోపుకుని, లేచి ఒళ్లు విరుచుకున్నాడు.

"అయిపోనాది" అన్నాడు.

అవలేదు కొర్లయ్యా, అవలేదు! అవతలి సగం నిరుడు నువ్వు తెగ్గోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒట్టేసింది నోరు. చేతులు వేయలేదు. ఇన్నేళ్లూ ఎర్రగుడ్డ దగ్గర ఆగిన చేతులు ఈసారీ అక్కడే ఆగిపోయాయి. మొలలో ఇరుక్కుని నేను ఎంత గింజుకున్నా ఏం లాభం? వలకు పసుపు రాశాడు, సాంబ్రాణి పొగ వేశాడు, చుట్టి తెప్ప పక్కన పెట్టేశాడు.

నిషేధం తీరిన తెల్లవారి పడవలన్నీ హోరెత్తిపోతుంటే కొర్లయ్య తెప్ప ఒక్కటే చప్పుడు లేకుండా అల దాటింది. నేను మొలలోనే ఉన్నాను. వల వేశాడు. ఎండెక్కే వేళకు నీటి మీద మిలమిల కనిపించింది. గుంపు పడింది! కొర్లయ్య మొహంలో ఏడాదిగా చూడని వెలుగు చూశాను. లాగడం మొదలుపెట్టాడు. మొదటి సగంలో కన్నుకో కవళ్ల చేప తళతళలాడుతోంది. ఎర్రగుడ్డ చేతికొచ్చింది. దాని తరవాత నీళ్లు వచ్చాయి. ఇంకా లాగితే ఇంకా నీళ్లు. బారెడు చిరుగులోంచి కింద గుంపు మొత్తం జారిపోవడం అతడికీ కనిపించింది, నాకూ కనిపించింది.

చాలాసేపు ఆ చిరుగును వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు. అది తను కోసిందేనని గుర్తుపట్టాడు. "ఎల్లాజీ" అన్నాడు ఒకసారి, పక్కనున్న మనిషిని పిలిచినంత మామూలుగా. చుట్టూ ఎవరున్నారు పలకడానికి?

ఒడ్డుకు వచ్చాక తెప్ప దుంగల తాళ్లు విప్పాడు. దుంగలు ఆరడానికి వేటయ్యాక ఎప్పుడూ విప్పేవే. ఈసారి ఆరేయకుండా ఒక్కో దుంగనూ ఇంటి పొయ్యి వైపు ఈడవడం మొదలుపెట్టాడు. చేపలు ఎత్తుకోవడానికి గంపతో వచ్చిన గురివమ్మ అది చూసింది, ఇసకలో పరిచిన వలనూ చూసింది. నవ్వబోయి ఆగిపోయింది. గంప అక్కడే పడేసి మొగుడి కోసం పరుగెత్తింది.

ఎల్లాజీ వచ్చి వల పక్కన నిలబడ్డాడు. ఎర్రగుడ్డకు ఇవతల ఒక్క కన్నైనా వదలకుండా కట్టి ఉంది. అవతల ఒక్క కన్నైనా ముట్టుకోలేదు.

"సగమే కట్టినావేటన్నా?"

కొర్లయ్య దుంగ వదిలేసి తమ్ముడి వైపు చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నాను కట్టాల్సింది అంతే గదరా."

ఎల్లాజీ మొహం తుడుచుకుని, వెళ్లి రెండో కొసన కూలబడి, బొటనవేలికి వల తగిలించుకున్నాడు. నా గుండె, వెదురుకు గుండె ఉంటే, ఆగిపోయింది. ఏదీ, నా జత ఏదీ? ఎల్లాజీ చొక్కా జేబులోంచి తీసింది ఒక పచ్చ ప్లాస్టిక్ సూది.

"మన సూదేదిరా?" అన్నాడు కొర్లయ్య.

"ఆ దినం కోపంలో సముద్రంలోకి ఇసిరీసినానన్నా." ఎల్లాజీ తల ఎత్తలేదు.

కొర్లయ్య తిట్టలేదు. నన్ను మొలలోంచి తీసి తమ్ముడి ఒళ్లో పెట్టాడు. పచ్చ సూదిని తను తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదా? దీంతో గేదెల్ని కట్టొచ్చు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లున్నాయి. నాలుగు రోజుల తరవాత ఒక సాయంత్రం ఎర్రగుడ్డ దగ్గర నడిముడి పడింది. అవతలినుంచి నన్ను తాకింది చల్లగా, నున్నగా, ఏ కణుపులోనూ పుట్టని సూది. పాపం, దాని తప్పేముంది? అయినా నేను అటు తిరిగి ముడి వేయలేకపోయాను, ఎల్లాజీ వేళ్లే వేశాయి.

ఇప్పుడు నేను ఎల్లాజీ మొలలో ఉంటున్నాను. మనుషులు కలిసిపోయారు. తెప్ప మళ్లీ ఇద్దరితో అల దాటుతోంది. వెదురు నీళ్లలో మునగదు కాబట్టి నా జత ఎక్కడో తేలుతూనే ఉంటుందని నా ఆశ. వేట ముగించి ఒడ్డెక్కినప్పుడల్లా ఎల్లాజీ, అలలు తెచ్చి పోసిన నాచునీ పుల్లల్నీ కాలితో కదిపి చూస్తాడు. ఏం వెతుకుతున్నావురా అని కొర్లయ్య అడగడు. తనూ వంగి, ఇంకో వైపునుంచి వెతుక్కుంటూ వస్తాడు.