కుర్చీ బొమ్మ కోసం

లిఫ్టులు బాగుచేసే అతను మూడో అంతస్తులో ఇరుక్కున్న తలుపు తీసేసరికి ఎదురుగా ఒక చిన్న గది కనిపించింది. తెల్ల గోడలు, వాటికి తగిలించిన కాసిని బొమ్మలు, బల్ల దగ్గర కునికిపాట్లు పడుతున్న ఒకావిడ. ఒక బొమ్మ ముందు అతని కాళ్ళు ఆగిపోయాయి. కుర్చీ, దాని వీపు మీద తడి తువ్వాలు. అంతే.

నర్సు పని చేసే అతని భార్యకు దూరపు ఊరికి బదిలీ అయి ఏడాది దాటింది. ఇద్దరి సెలవులూ కలిసేవి కావు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తల తుడుచుకున్న తువ్వాలు కుర్చీ మీదే పడేసేది. కొయ్య పాడవుతుందని అతను చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. ఇప్పుడా కుర్చీ పొడిగా ఉంది, ఇల్లు బిక్కుబిక్కుమంటోంది.

తర్వాత కూడా ఏదో వంక పెట్టుకుని వెళ్ళేవాడు. లిఫ్టు బాగానే ఉందిగా అని బల్ల దగ్గరావిడ నవ్వేది. ఒకసారి వెళ్ళేసరికి ఆ చోట మేకు మాత్రమే మిగిలింది. బొమ్మ అమ్ముడుపోయిందనీ, కొన్నదెవరో చెప్పకూడదనీ, గీసినావిడ బొమ్మలు ఇంకెక్కడైనా ఉండొచ్చనీ చెప్పింది.

ఆ మాట పట్టుకుని సెలవు దొరికినప్పుడల్లా కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఇన్నేళ్ళూ ఆ నగరంలో పైకీ కిందికీ తిరిగాడే గానీ ఇలాంటి గదులున్నాయని ఎరగడు. సైకిళ్ళ కొట్టు వెనక రేకుల షెడ్డులో ఒకటి, రొట్టెల బట్టీ పైన వెచ్చగా ఒకటి. పళ్ళ డాక్టరు ముందుగదిలోనూ ఉంది, అక్కడ "పన్ను నొప్పా, బొమ్మలా?" అని అడిగి మరీ లోపలికి పంపారు.

చివరికి ఒక మెట్ల కింది గదిలో, తన బొమ్మలు తానే గోడకు తగిలించుకుంటూ ఆ గీసినావిడే కనిపించింది. పెద్ద వయసు. కుర్చీ మాట ఎత్తగానే సుత్తి పక్కన పెట్టేసింది.

"మా చెల్లెలి కుర్చీ నాయనా అది. ఇప్పుడు చెల్లెలూ లేదు, బొమ్మా లేదు. ఎవరింట్లో ఉందో నాకూ తెలీదు."

అలాంటిదే మరొకటి గీస్తారా అని అడగబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాడు.

బయటికొచ్చి భార్యకు ఫోన్ చేసి, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా చెప్పాడు.

"అది పోతే పోయిందిలెండి," అంది ఆమె. "అక్కడింకా ఏమేం బొమ్మలున్నాయో చెప్పండి. నేనూ చూస్తా."

అతను మళ్ళీ లోపలికి వెళ్ళి, తలుపు పక్క గోడతో మొదలుపెట్టి, ఒక్కో బొమ్మా చెప్పుకుంటూ పోయాడు. అవతల వార్డులోంచి ఎవరో ఆమెను పిలిచారు. వస్తున్నానని వాళ్ళతో అంది గానీ, ఫోన్ మాత్రం పెట్టేయలేదు.