అవతలి ఒడ్డుకు ఒక ఫోను

నేను ఒక టెలిఫోన్‌ని. నా మీద అంకెలుండవు. రిసీవర్ ఎత్తితే చాలు, సముద్రం అవతలి దేశంలో నాలాంటిదే మరొకటి మోగుతుంది. ఫ్యాక్టరీలో నాతోపాటు పుట్టినవి పెళ్లి కబుర్లూ చావు కబుర్లూ మోయడానికి ఊళ్లకు పోయాయి. నన్ను మాత్రం తీరంలో ఒక కొండమీది నిఘా కేంద్రానికి పంపారు. రెండు దేశాలూ పొరపాటున కొట్టుకోకుండా చేసిన ఏర్పాటు నేను. కావాలని కొట్టుకోవడానికి వేరే ఏర్పాట్లు చాలానే ఉన్నాయి.

ఎందరో అధికారులు నన్ను తుడిపించి పక్కన పెట్టారు. కమాండర్ దమయంతి వచ్చాకే నాకు పని దొరికింది. దారితప్పిన పడవల గురించి, పట్టుబడ్డ జాలర్లను అప్పగించడం గురించి ఆమె తరచూ అవతలి అధికారితో మాట్లాడేది. వాళ్లు మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. నాకు వంటబట్టింది తెలుగు కనుక అలాగే చెబుతున్నాను. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడలేదు.

ఆ శీతాకాలం, నడి సముద్రంలో ఒక ఇసుకదిబ్బ ఎవరిదన్న తగాదా ముదిరింది. ఆటుకు తేలి పోటుకు మునిగే దిబ్బ. దానికోసం రెండువైపులా ఓడలు సిద్ధమయ్యాయి. సముద్రం మీద మంచు విడవని ఒక ఉదయం నేను మోగాను.

"మా రాడార్ తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. మీ పనేనా?" అన్నాడు అవతలి అధికారి.

"కనుక్కుని చెబుతాను," అంది దమయంతి.

ఆమె మరో ఫోనులో ప్రధాన కార్యాలయాన్ని అడిగింది. పైఅధికారి ఉత్సాహంగా ఉన్నాడు. "మనవాళ్లు కంప్యూటర్లతోనే చేసేశారు. తుపాకీ పేలలేదు, రక్తం చుక్క కారలేదు. చిన్న హెచ్చరిక, అంతే. నువ్వు మాత్రం అవుననీ అనకు, కాదనీ అనకు."

"కళ్లు పోయినవాడు దాన్ని హెచ్చరిక అనుకోడు సార్. దాడి మొదలైందనుకుంటాడు."

"చెప్పింది చెయ్యమ్మా."

గదిలో వైర్‌లెస్ చూసే సూరిబాబు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. "మేడమ్, మా తమ్ముడు ఆ దిబ్బ కాడికే యాటకెల్లినాడు."

"పడవలన్నిటినీ వెనక్కి పిలువు," అంది ఆమె. అతను పిలుస్తూనే ఉన్నాడు. దూరం పోయిన పడవలు పలకలేదు.

దమయంతి నన్ను ఎత్తింది.

"మా పనే," అంది. "కానీ మా ఓడలు రేవులోనే ఉన్నాయి. ఈ కిటికీ కిందే కనబడుతున్నాయి. ఒక్కటీ కదల్లేదు."

"క్షిపణులు ఎక్కుపెట్టి ఉంచాం," అన్నాడు అవతలి అధికారి. "మొదటి మాట దాచి ఉంటే రెండోది నమ్మేవాణ్ణి కాదు. దింపిస్తాను."

దింపించాడు. అయితే ఆ ఆజ్ఞ దిబ్బ దగ్గరున్న వాళ్ల కాపలా ఓడకు ఆలస్యంగా చేరింది. తెరలూ లేక, మంచులో కళ్లూ ఆనక, వాళ్లు ఎదురొచ్చిన నీడను కాల్చారు. అది సూరిబాబు తమ్ముడి పడవ.

తెరలు ఆర్పింది తామేనని మా ప్రభుత్వం ఒప్పుకోలేదు. అందువల్ల వాళ్లకు పగ తీర్చుకోవలసిన అవసరం రాలేదు. పడవను కాల్చామని వాళ్లూ ఒప్పుకోలేదు. రాయి తగిలి మునిగిందన్నారు. మా ప్రభుత్వం సరేనంది. ఓడలు వెనక్కి మళ్లాయి. ఎవరూ ఏమీ చేయలేదు కనుక ఎవరి పరువూ పోలేదు.

దమయంతి సూరిబాబును కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. "వాళ్ల కళ్లు మనమే పొడిచాం సూరిబాబూ. అందుకే కాల్చారు."

అతను నేల చూస్తూ విన్నాడు. "పడవకి రాయి తగిలిందనే మా అమ్మకి సెప్పినాం మేడమ్. అలాగే ఉండనీండి," అన్నాడు. తర్వాత లేచి, డ్యూటీకి టైమైందని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

రహస్యం బయటపెట్టినందుకు దమయంతిని సముద్రం కనబడని ఊళ్లో ఒక సామాన్ల గిడ్డంగికి మార్చారు. ఆమె వాదించలేదు. అవతలి అధికారి ఏమయ్యాడో తెలియదు. అటునుంచి కొన్నాళ్లు కొత్త గొంతు వినబడింది, తర్వాత నా తీగ పీకేశారు. ఇప్పుడు స్టోర్‌రూములో విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను.

నా స్థానంలో రాతను పంపే యంత్రం పెట్టారు. ఒక వాక్యం అవతలికి వెళ్లాలంటే ముగ్గురు అధికారులు చదివి సంతకాలు చేయాలి. అంతవరకూ యుద్ధం గుమ్మం బయట కూర్చుని ఉంటుందని వాళ్ల నమ్మకం.